మురికి నీటిలో బతికి, మంచి నీటిలో చనిపోయిన చేపలు

మా ఇంట్లో 60 లీటర్ల చేపల తొట్టి ఒకటి ఉంది. ప్రస్తుతం అందులో గప్పీలు, నియాన్ టెట్రాలు, అడుగున తిరిగే కోరిడోరస్ చేపలు ఉన్నాయి. వీటికి ముందు పెంచిన వాటిలో నాలుగింటిని, శుభ్రం చేస్తున్నాననుకుంటూ నేనే చంపుకున్నాను. ఆ మాట మొదటే చెప్పడం న్యాయం, ఎందుకంటే తొట్టి కడగడం గురించి నాకు తెలిసినదంతా ఆ ఆదివారం తరువాత, కొంత సిగ్గుతో, నేర్చుకున్నదే.

పనుల ఒత్తిడిలో పడి నాలుగు నెలలపాటు తొట్టిలో నీరు మార్చలేదు. ఆవిరై తగ్గిన మేరకు పైన పోస్తూ, రెండు పూటలా మేత వేస్తూ, ఫిల్టర్ తిరుగుతోంది కదా అని ఊరుకున్నాను. ఆ పోసేది కూడా కుళాయి నీరు కాదు. చేపలకు మేలు చేస్తున్నాననే నమ్మకంతో తాగడానికి వాడే ఆర్వో నీరు పోసేవాణ్ణి. తొట్టిలో నీరు లేత పసుపు రంగుకు తిరిగింది, గులకరాళ్ల మధ్య నల్లని మడ్డి పేరుకుంది, అద్దాలకు పాచి పట్టింది. చేపలు మాత్రం మామూలుగానే ఈదుతూ, మేత వేయగానే పైకి ఎగబడుతూ కనిపించాయి. చివరికి ఒక ఆదివారం పట్టుదలగా కూర్చొని అయిదింట నాలుగు వంతుల నీరు తోడేశాను, రాళ్లు కదిపి మడ్డి తీశాను, క్లోరిన్ విరిచిన కుళాయి నీటిని వేడి సరిచూసుకొని మరీ మెల్లగా నింపాను. మధ్యాహ్నానికి తొట్టి కొన్న రోజున ఉన్నంత తేటగా మెరిసింది. సాయంత్రానికి చేపలన్నీ పైకి చేరి, మూతులు నీటి అంచుకు ఆనించి, గాలి కోసం అల్లాడాయి. మొప్పలు కమిలినట్టు ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున నాలుగు అడుగున పడి ఉన్నాయి.

మొదట కుళాయి నీటినే తప్పుపట్టాను. అయితే తోడేసిన పాత నీటిలో ఒక బకెట్‌ను మొక్కలకు పోద్దామని పక్కన పెట్టి మరచిపోయాను. అదే నా అపోహను తొలగించింది. చుక్కల టెస్ట్ కిట్ ఒకటి తెచ్చి ఆ బకెట్ నీటినీ తొట్టిలోని నీటినీ పక్కపక్కనే పరీక్షించాను. పీహెచ్ అంటే నీటిలో ఆమ్లం ఎంతో చెప్పే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. ఆ చుక్కలు వేసినప్పుడు పాత నీరున్న గాజు గొట్టం పసుపు రంగులో నిలిచింది, అంటే పీహెచ్ 6 గానీ అంతకు తక్కువ గానీ. కొత్త నీరున్న గొట్టం నీలానికి తిరిగింది, అంటే 7.6 ప్రాంతం. చేపల వ్యర్థాల నుంచి నీటిలో చేరే అమ్మోనియాను చూపే చుక్కలకు రెండూ ఆకుపచ్చగా మారాయి, పాతది ముదురుగా, కొత్తది లేతగా. చేపలు బతికిన నీటిలో అమ్మోనియా ఎక్కువ, చనిపోయిన నీటిలో తక్కువ అన్నమాట. ఆ రెండు గొట్టాలనూ కిటికీ వెలుగులో పట్టుకొని చాలాసేపు చూసినా నాకు లెక్క కుదరలేదు.

లెక్క పీహెచ్‌లో ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల గుండా సులువుగా ఒంట్లోకి చొరబడి చేపను చంపే అమ్మోనియా వాయువు, రెండవది దానితో పోలిస్తే చాలా తక్కువ హాని చేసే అమ్మోనియం అయాన్. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అన్నది ప్రధానంగా పీహెచ్, ఆ తరువాత నీటి వేడి నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తంలో విషరూపం వాటా నూటికి 0.6 లోపే ఉంటుంది, 8 దగ్గర నూటికి 5 దాటుతుంది. అంటే పీహెచ్ ఒక అంకె పెరిగితే విషం ఇంచుమించు పది రెట్లవుతుంది. నా తొట్టిలో పీహెచ్ 6 నుంచి 7.6కు ఒక్క గంటలో ఎగబాకినప్పుడు విషరూపం వాటా దాదాపు 40 రెట్లు పెరిగింది. మొత్తం అమ్మోనియా అయిదో వంతుకు తగ్గినా, మొప్పలకు తగిలిన విషం మాత్రం మునుపటి కంటే ఎనిమిది రెట్లయింది.

అసలు పీహెచ్ అంతగా ఎందుకు పడిపోయిందంటే, అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు ఆ పనిలో ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. నీటిలోని కార్బనేట్లు ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరుస్తూ పీహెచ్‌ను నిలబెడతాయి. నెలల తరబడి నీరు మార్చకపోతే ఆ కార్బనేట్ల నిల్వ కరిగిపోతుంది. నేను పోసిన ఆర్వో నీటిలో కార్బనేట్లు దాదాపు ఉండవు కనుక నిల్వకు చేర్చినదేమీ లేదు. ఆమ్లం పెరిగాక ఆ సూక్ష్మజీవులు కూడా మందగించి అమ్మోనియాను వదిలేశాయి. అదే ఆమ్లం పుణ్యమా అని ఆ అమ్మోనియా విషంగా మారకుండా ఉండిపోయింది. ఇంగ్లిషులో దీనిని ఓల్డ్ ట్యాంక్ సిండ్రోమ్ అంటారు. అలాంటి తొట్టిని చూడగానే మొత్తం మార్చేయాలని చేతులు దురదపెడతాయి, కానీ దానికి రోజుకు పదో వంతు చొప్పున, రెండు వారాలపాటు ఓపికగా నీరు మార్చడమే మార్గం. ఆ ఆదివారం సాయంత్రం మేత ఆపి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, అమ్మోనియాను కట్టివేసే మందు కలిపి ఉంటే ఒకటి రెండయినా దక్కేవేమో.

ఆ సూక్ష్మజీవుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తొట్టి శుభ్రతలో మనం కాపాడవలసినది చేపల కంటే ముందు వాటినే. చేప తన ఒంట్లోని అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారానే నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట, కుళ్లిన ఆకులు దానికి తోడవుతాయి. ఒక రకం సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదకరమే. అది రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది, అందుకే దాని బారిన పడిన చేప మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. నైట్రేట్ మాత్రం కొంత మేరకు పేరుకున్నా చేప తట్టుకుంటుంది. మట్టిలో ఈ పని చేసే జీవులను సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించాడు. మంచినీటి తొట్టిలో నైట్రైట్ సంగతి చూసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. కాదు, నైట్రోస్పిరా జాతికి చెందినవి అని 1998లో ఒక అధ్యయనం తేల్చింది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో ఇవి నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఇవి నీటిలో తేలుతూ తిరిగేవి కావన్నది మనకు పనికొచ్చే సంగతి. స్పాంజి రంధ్రాలకు, రాళ్లకు, ఆకులకు, అద్దానికి అంటుకొని ఉంటాయి. నీరు నిరంతరం పారుతూ ప్రాణవాయువు అందించే ఫిల్టర్ స్పాంజిలో అయితే కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి నీరు మార్చినందువల్ల వాటికి పెద్దగా నష్టం లేదు, స్పాంజిని తోమితేనే నష్టం. మనం మురికి అనుకుని అసహ్యించుకునే ఆ గోధుమ రంగు జిగురులోనే తొట్టి ప్రాణం ఉంటుంది.

స్పాంజి కడగడానికి నేను అనుసరించే పద్ధతి ఇది. తొట్టి నుంచి తీసిన పాత నీటిని ఒక చిన్న బకెట్‌లో పట్టుకొని, స్పాంజిని అందులో ముంచి, అరచేతిలో మెల్లగా నాలుగైదు సార్లు నొక్కి వదులుతాను. మొదటి నొక్కుకు చిక్కని గోధుమ రంగు మడ్డి మబ్బులా విచ్చుకుంటుంది, మూడవ నొక్కుకు పలచబడుతుంది. నీరు దాని గుండా మళ్లీ ధారాళంగా పారితే చాలు, అక్కడితో ఆపేస్తాను. స్పాంజి కొత్తదానిలా కనిపించనక్కర లేదు, కనిపించకూడదు కూడా. కుళాయి కింద పెట్టి పిండితే క్లోరిన్ ఆ జీవులలో చాలా వాటిని చంపుతుంది. పింగాణీ రింగుల వంటివి ఉంటే వాటిని అదే నీటిలో ఒకసారి ఊపి తీస్తే సరిపోతుంది. ఫిల్టర్ కార్ట్రిడ్జిని నెలనెలా పారేసి కొత్తది పెట్టాలని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ సలహా అమ్మేవాడికి మేలు చేసినంతగా చేపకు చేయదు. స్పాంజి చిరిగి ముక్కలయ్యే వరకు వాడుకోవచ్చు. మార్చక తప్పనప్పుడు కొత్తదానిని పాతదాని పక్కనే నెల రోజులు ఉంచి, ఆ తరువాత పాతది తీసేయాలి.

అడుగు రాళ్లను, స్పాంజిని ఒకే రోజు శుభ్రం చేయకూడదన్నది నేను గట్టిగా పట్టుకున్న నియమం. ఒక వారం రాళ్లు, అది కూడా సగం భాగమే. స్పాంజి వంతు నెలకో నెలన్నరకో, నీటి ధార తగ్గినప్పుడు. ఒక చోట సూక్ష్మజీవులు తగ్గినా మరొక చోట ఉన్నవి భారం మోస్తాయి. పాత అలవాటు ప్రకారం తొట్టిని ఖాళీ చేసి, చేపలను బకెట్‌లో వేసి, రాళ్లను తళతళలాడేలా తోమి, అన్నీ మళ్లీ పేర్చేవారు. అలా చేసిన ప్రతిసారీ ఆ తొట్టి కొత్త తొట్టితో సమానమవుతుంది, చేపలు మాత్రం కొత్తవి కావు, ఎప్పటిలాగే అమ్మోనియా వదులుతూనే ఉంటాయి. మూడు నాలుగు రోజుల తరువాత ఒక్కొక్కటే చనిపోతుంటే అప్పటికి కడిగిన సంగతి మనకు గుర్తు కూడా ఉండదు.

చేపలను బయటికి తీయడమే అనవసరం. వలలో చిక్కి కొట్టుకునేటప్పుడు వాటి ఒంటి మీద జిగురు పొర చెదిరిపోతుంది, పొలుసులు ఊడతాయి. ఆ జిగురే వాటికి బూజుల నుంచీ పరాన్నజీవుల నుంచీ రక్షణ. వలతో వెంటాడడం వల్ల కలిగే బెదురు కూడా తక్కువది కాదు. చేపలు లోపల ఉండగానే మెల్లగా పని చేసుకుంటే అవి ఒక మూలకు సర్దుకుంటాయి, నాలుగైదు వారాలకు ఆ చేతికి అలవాటు కూడా పడతాయి. మా కోరిడోరస్‌లు ఇప్పుడు గొట్టం దగ్గరకే వచ్చి, కదిలిన మడ్డిలో మేత తునకలు వెదుక్కుంటాయి.

ఇక వారం వారం నేను చేసే పని. ముందుగా హీటర్, ఫిల్టర్, లైటు ప్లగ్గులు తీసేస్తాను. తడి చేతులతో కరెంటు జోలికి పోకూడదన్నది ఒక కారణం. హీటర్ విషయంలో మరొక కారణం కూడా ఉంది. వేడిగా ఉన్న గాజు గొట్టం నీటి మట్టం తగ్గి గాలికి బయటపడినా, ఆ తరువాత చల్లని నీరు తగిలినా పగిలిపోవచ్చు. అందుకే ప్లగ్గు తీశాక 15 నుంచి 20 నిమిషాలు ఆగి నీరు తీయడం మొదలుపెడతాను. ఈలోగా చేతులు మోచేతుల దాకా ఉత్త నీటితో బాగా కడుక్కుంటాను. సబ్బు వాసన, క్రీములు, చేతికి రాసుకునే శానిటైజర్ ఏవీ ఉండకూడదు.

ఆగిన ఆ సమయంలోనే అద్దం పని అయిపోతుంది. పాచిని ముందు గీకితే రాలినదంతా తరువాత గొట్టంతో పాటు బయటికి పోతుంది, కాబట్టి వరుస ఇదే ఉండాలి. గాజు తొట్టికి బ్లేడు గీకుడు పుల్ల బాగా పనిచేస్తుంది, మూలల్లో ఉన్న సిలికాన్ అతుకును మాత్రం బ్లేడు తాకకూడదు. ఆక్రిలిక్ తొట్టికి బ్లేడు అసలు వద్దు, గీతలు పడతాయి. మెత్తని గుడ్డో ప్లాస్టిక్ కార్డో చాలు. అయస్కాంతపు బ్రష్షు సౌకర్యమే కానీ, అడుగు దగ్గర దానికీ అద్దానికీ మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే అద్దం మీద శాశ్వతమైన గీత గీస్తుంది. మా తొట్టి ఎడమ పక్క అలాంటి వంకర గీత ఒకటి ఉంది, వెలుతురు పడినప్పుడల్లా వెక్కిరిస్తుంది. మనకు కనిపించని వెనుక అద్దాన్ని నేను తుడవను. ఆ పాచిని గప్పీలు, నత్తలు గిల్లుకు తింటాయి.

అడుగు శుభ్రం చేయడానికి సైఫన్ గొట్టాన్ని మించినది లేదు. నోటితో పీల్చి మొదలుపెట్టే అలవాటు మానుకోవడం మంచిది, ఒక గుక్క నోట్లోకి వచ్చాక ఎవరైనా మానేస్తారు. చేత్తో నొక్కే రబ్బరు బుడగ ఉన్న గొట్టాలు దొరుకుతాయి. వెడల్పుగా ఉన్న మూతిని గులకరాళ్లలోకి నిలువుగా దింపితే రాళ్లు గొట్టంలో కొంత ఎత్తుకు లేచి గలగలా దొర్లుతాయి, వాటిలో చిక్కుకున్న మడ్డి విడివడి పైకి పోతుంది, బరువైన రాళ్లు వెనక్కి పడతాయి. గొట్టంలో నీరు తేటపడగానే పక్క చోటికి మారుస్తాను. రెండవ చేతి వేలు గొట్టం చివర దగ్గర సిద్ధంగా ఉంచుకుంటే, చిన్న చేపో రొయ్యో మూతి వైపు వచ్చినప్పుడు ధారను వెంటనే ఆపవచ్చు. గప్పీ పిల్లలున్న తొట్టి అయితే తీసిన నీటిని పారబోసే ముందు బకెట్‌లోకి ఒకసారి పరికించి చూడాలి. ఒకసారి మూడు పిల్లలను అలా వెనక్కి తెచ్చుకున్నాను.

అడుగున రాళ్లకు బదులు ఇసుక ఉంటే మూతిని లోపలికి దించకుండా ఒక అంగుళం పైన తిప్పితే చాలు, మడ్డి ఇసుక మీదనే ఉంటుంది. లోతుగా పరచిన ఇసుక ఏళ్ల తరబడి కదలక గట్టిపడినప్పుడు దాని లోపల ప్రాణవాయువు అందక కుళ్లు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది, దానిని ఒక్కసారిగా కెలకడం చేపలకు మంచిది కాదు. మొక్కల మొదళ్ల దగ్గర కూడా తవ్వను. వేళ్లు తెగుతాయి, పైగా ఆ మడ్డి వాటికి ఎరువు. పండిపోయిన, కుళ్లుతున్న ఆకులను మాత్రం కత్తెరతో తీసేస్తాను.

ఎంత నీరు మార్చాలన్న ప్రశ్నకు వారానికి నాలుగో వంతు అన్నది నా జవాబు. దాని వెనుక చిన్న లెక్క ఉంది. వారానికి 10 పీపీఎం (పది లక్షల భాగాలకు 10 భాగాలు) చొప్పున నైట్రేట్ పెరిగే తొట్టిలో వారానికి నాలుగో వంతు నీరు మారుస్తూ పోతే, కొన్ని వారాలకు అది 30కి 40కి మధ్య ఊగుతూ నిలిచిపోతుంది. మార్చే ముందు 40, మార్చాక 30. సగం చొప్పున మారిస్తే 10కి 20కి మధ్య నిలుస్తుంది. కుళాయి నీటిలోనే నైట్రేట్ ఉంటే ఆ మేరకు కలుపుకోవాలి. చాలా చేపలకు 40 లోపు ఉంచడం, కుదిరితే 20 లోపు ఉంచడం మంచిది. కిట్‌తో నెలకు రెండుసార్లు చూసుకుంటే మీ తొట్టి వారానికి ఎంత పెంచుతోందో తెలిసిపోతుంది, దానిని బట్టి వంతు నిర్ణయించుకోవచ్చు. చేపలు కిక్కిరిసిన తొట్టికి నాలుగో వంతు చాలదు. ఆవిరైన మేరకు పోయడం నీరు మార్చడం కిందికి రాదు. ఆవిరిగా పోయేది నీరు మాత్రమే, అందులో కరిగిన లవణాలూ నైట్రేటూ తొట్టిలోనే మిగిలి చిక్కబడతాయి.

కొత్త నీటి విషయంలో క్లోరిన్ మొదటి జాగ్రత్త. కొద్ది పాటి క్లోరిన్ కూడా మొప్పల సున్నితమైన పొరను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. వెడల్పాటి బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ గాలిలోకి పోతుంది. కానీ కొన్ని చోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు. అది రోజంతా ఉంచినా పోదు. యాంటీ క్లోరిన్ చుక్కలలో సాధారణంగా ఉండే సోడియం థయోసల్ఫేట్ క్లోరిన్‌ను క్షణాల్లో విరుస్తుంది, క్లోరమైన్‌ను విరిచినప్పుడు మాత్రం దానిలోని అమ్మోనియా మిగిలిపోతుంది. బాగా స్థిరపడిన ఫిల్టర్ ఉంటే ఆ కాస్తను సూక్ష్మజీవులు తినేస్తాయి. కొత్త తొట్టి అయితే అమ్మోనియాను కూడా కట్టివేసే మందు వాడాలి. మందును బకెట్‌లోని నీటిలో కలిపి, ఆ తరువాతే తొట్టిలో పోయాలి. నేరుగా తొట్టిలోకి గొట్టంతో నింపేవారు మాత్రం మార్చిన నీటికి కాకుండా తొట్టి మొత్తం నీటికి సరిపడా వేసుకోవాలి.

వేడి సరిచూడడం చాలామంది చేత్తో ముట్టుకొని సరిపెట్టుకుంటారు. మన చేతికి రెండు డిగ్రీల తేడా కచ్చితంగా తెలియకపోవచ్చు, నియాన్ టెట్రాకు తెలుస్తుంది. ఒక థర్మామీటర్‌ను బకెట్‌లో వేసి చూసి, తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా వేడి నీరు కలుపుకోవాలి. పోసేటప్పుడు అడుగు చెదరకుండా ఒక చిన్న పళ్లెం మీదుగానో, అరచేతి మీదుగానో పోస్తాను. ఆర్వో నీటిని ఇప్పుడు ఒంటరిగా వాడను. కుళాయి నీరు మరీ కఠినంగా ఉన్నప్పుడు దానిలో కొంత వాటాగా కలపడానికి అది ఉపయోగపడుతుంది; ఆవిరై తగ్గిన భాగం నింపడానికి కూడా తప్పు లేదు, కాకపోతే వారం వారం మార్చే నీరు కార్బనేట్లను తెచ్చిపెడుతుండాలి. నా విషయంలో ఆ వారం వారం మార్చడమే జరగలేదు.

తొట్టి పనికి వాడే బకెట్, గొట్టం, గుడ్డ వేరే ఏ పనికీ వాడకూడదు. సబ్బు పొడి కలిపిన బకెట్‌ను ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ గీతలలో కొంత మిగిలిపోతుంది. ఆ కాస్త కూడా మొప్పలకు చేటు. మా ఇంట్లో ఆ బకెట్ మీద చెరగని సిరాతో చేప బొమ్మ గీసి పెట్టాము. ఒకసారి అతిథి ఒకరు అందులో నేల తుడిచే మందు కలిపారు. ఆయన ముందు ఏమీ అనలేక, మర్నాడు కొత్త బకెట్ తెచ్చి మళ్లీ బొమ్మ గీశాను. తొట్టి పై అంచున, మూత మీద తెల్లగా గట్టిపడే ఉప్పు చారలకు గుడ్డను వెనిగర్‌లో తడిపి తుడవవచ్చు, లోపల నీటిలో పడకుండా చూసుకోవాలి. బయటి అద్దానికి గాజు తుడిచే స్ప్రే కొట్టకండి. ఆ తుంపరలు గాలితో నీటి మీద వాలుతాయి, ఫిల్టర్‌కు గాలి పంపే పంపు వాటిని లోపలికి లాగుతుంది. తడి గుడ్డ చాలు.

పాచి వారం తిరగకుండానే మళ్లీ పడుతుంటే తోమడం ఎక్కువ చేసి లాభం లేదు, కారణం లైటులోనో మేతలోనో ఉంటుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టి ఉంటే ఎంత తోమినా ఆగదు. నా తొట్టికి రోజుకు 10 గంటలు వెలిగే లైటును టైమర్ పెట్టి 7 గంటలకు తగ్గించాక పని సగమైంది. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయడం మొదలుపెట్టాక అడుగున మడ్డి కూడా తగ్గింది. కొత్త తొట్టిలో తొలి వారాల్లో రాళ్ల మీద గోధుమ రంగు పొడిలా పట్టేది డయాటమ్ పాచి, చేత్తో తుడిస్తే పోతుంది, కొన్నాళ్లకు తనంతట తాను రావడం మానేస్తుంది. నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో, చాపలా ఊడివచ్చే చెడువాసన పొర మాత్రం నిజానికి పాచి కాదు, సయనోబాక్టీరియా. దానిని చేత్తో తీసి పారేసి, నీటి కదలిక పెంచి, మేత తగ్గించాలి.

కొత్త తొట్టిలో గానీ, అతిగా కడిగిన తొట్టిలో గానీ రెండు మూడు రోజులకు నీరు పాలు కలిపినట్టు తెల్లబడితే కంగారుపడి మళ్లీ అంతా మార్చేయకూడదు. అది నీటిలో తేలే మరొక రకం బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చే మబ్బు; మేత తగ్గించి, గాలి బాగా అందేలా చూసి, అమ్మోనియా పరీక్షిస్తూ వదిలేస్తే అదే విడిపోతుంది. అమ్మోనియా కనిపిస్తే అప్పుడు కొద్ది కొద్దిగా నీరు మార్చాలి.

శుభ్రం చేసే చేప అంటూ సక్కర్ చేపను అంటగట్టేవారు ఉంటారు. అర చేతి పొడవు కూడా లేని ఆ పిల్ల అడుగు పొడవు దాటి పెరుగుతుంది, పాచి కంటే ఎక్కువ రెట్ట వేస్తుంది. 60 లీటర్ల తొట్టిలో దానికి చోటు లేదు. నత్తలు నయం. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త బంగారు చేపలను, నీటి మొక్కను ఒకే పాత్రలో ఉంచి జరిపిన ప్రయోగాన్ని ప్రకటించాడు. కుళ్లిన ఆకులతో నీరు చెడిపోతుంటే చెరువు నత్తలను వేసి ఆ చిక్కు తీర్చుకున్నాడు. నత్త కూడా రెట్ట వేస్తుంది, కాబట్టి దానిని చూసుకొని గొట్టం పక్కన పెట్టేయడానికి లేదు.

నీరు నింపాక ముందు ఫిల్టర్ పెట్టి, ధార వస్తోందో లేదో నిలబడి చూస్తాను. గాలి చిక్కుకొని మోటారు ఊరికే మూలుగుతుంటే కొంచెం వంచి ఆ గాలి తీసేయాలి. ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపలి సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందక అవి చనిపోవడం మొదలవుతుంది, అందుకే మొత్తం పనిని ముప్పావు గంటలో ముగించేలా చూస్తాను. నీటి మట్టం హీటర్ గుర్తు దాటాకే దాని ప్లగ్గు పెడతాను. ఆ పూట మేత వేయను. రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి చేపలను గమనిస్తాను: పైకి చేరి గాలి మింగుతున్నాయా, వాజాలు ఒంటికి అదుముకొని ఉన్నాయా, మొప్పలు వేగంగా ఆడుతున్నాయా అని.

నిన్నటి పని తరువాత పీహెచ్ 7.4, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 అని పుస్తకంలో రాసుకున్నాను. కుడి వైపు సగం రాళ్లు శుభ్రం చేశాను, 15 లీటర్లు మార్చాను. స్పాంజి నుంచి ధార కొంచెం మందగించినట్టుంది. దానిని వచ్చే వారం చూడాలి.